పక్క అక్షరం

గుణుపురం దాటి వంశధార గట్టు వెంట వస్తే
పాత్రో గారి ధాన్యం మర.
కరెంటు పెట్టె మీద ఒడియాలో "విపద",
కింద ఎవరో బొగ్గుతో తెలుగులో "జాగర్త".
రెండూ సగం చెరిగిపోయాయి.

నా ఫారంలో రెండే గడులు:
గురుతర, సామాన్య.
ఆ భాషలో సామాన్యమంటే
పట్టించుకోనక్కర్లేనంత చిన్నది.
మా ఇంట్లో "సామాన్యం కాదే" అంటూ
నాయనమ్మ బుగ్గన చెయ్యి ఆనించుకుందంటే
ఊళ్లో ఏదో జరగరానిది జరిగినట్టే.
ఆ రెండు అర్థాల మధ్య
పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను.

పాత తీగ ఒకటి లాగేసిన చోట
పెట్టె మూతకి కన్నం.
చిటికెనవేలి గోరు కన్నా కాస్త పెద్దది.
దాని అంచున కందిరీగ కట్టి వదిలేసిన మట్టి గూడు,
లోపల రాగి మెరుపు.
సంచిలోంచి ఇనప వేలు తీశాను.
మూడు కణుపులు, పన్నెండు మిల్లీమీటర్ల లావు,
మనుషులందరి తరఫునా శాఖ వారు ఇచ్చిన వేలు.
నెట్టాను. దూరలేదు.
రూలు ప్రకారం ఈ ప్రమాదం మనిషికి అందదు.

"సిన్నదే కదమ్మా," అన్నాడు మర తిప్పే దాలినాయుడు,
"మర ఎట్టిన కాడ్నించీ ఉందది. ఏటయింది?"
ఏమీ కాలేదు. నిజమే.
ఏమీ కాకపోవడం కూడా సాక్ష్యమే,
కొట్టెయ్యడానికి లేదు.
సామాన్య గడిలో పెన్ను ఆనించాను.

అప్పుడు, ఎందుకో, పాత తెలుగు బడి.
ఇప్పుడది ఎరువుల గొడౌను.
ఛందస్సు పాఠం, కూర్మనాథం మాస్టారు:
"ఒంటిగా చూసి తూకం వెయ్యకండర్రా.
అ అంటే లఘువు. పక్కన మ్మ వచ్చి నిలబడిందనుకో,
అమ్మ. ఇప్పుడా అ గురువు.
అక్షరం అదే. పక్కది వచ్చింది, అంతే."
నిలువు గీతని వేలితో చెరిపి
గిన్నె లాంటి గుర్తు పెట్టేవారు సుద్దముక్కతో.

పెన్ను ఎత్తి పక్కన ఏముందో చూశాను.
ఉప్పుడు ధాన్యం ఆవిరికి గోడంతా చెమ్మ,
అరచేయి పెడితే అంటుకుంది.
బయట ఎర్తు గుంట
వైశాఖం ఎండకి నోరెండిపోయి ఉంది,
నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో.
పెట్టె కింద తవుడు బస్తా.
బస్తా మీద నాలుగేళ్ల సవర పిల్ల,
గడ్డిపరకతో కందిరీగ గూడుని కెలుకుతోంది.

నా ఇనప వేలిని ఆ వేలి పక్కన పెట్టాను.
సగానికి కొంచెం ఎక్కువ.
పిల్ల నవ్వి, ఇనప కణుపులు మడిచి చూసి,
ఇది నెప్పెట్టదా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

గురుతర అని రాస్తే మర ఇప్పుడే ఆగాలి.
బయట తొమ్మిది మంది ఆడవాళ్లు,
నెత్తి మీంచి దించిన మూటలు,
కొండ మీది గూడేలకి తిరుగు దారి రెండు గంటలు.
వాళ్ల వైపు నుంచి చూస్తే నా రాతా ఒక లోపమే.
దాన్ని ఏ గడిలో వెయ్యాలో ఫారం చెప్పదు.

రాశాను.
మర ఆగింది.
దాలినాయుడు సంతకం పెట్టలేదు,
నూనె డబ్బా మూత కత్తిరించి కన్నానికి బిగించడం మొదలెట్టాడు,
నా వైపు చూడకుండా.
ఒక ముసలామె మూట ఎత్తుకుంటూ
సవర భాషలో ఏదో అంది, పొడుగ్గా.
మా సహాయకుడు ఇస్సాకు గొమాంగో
తర్జుమా చెయ్యలేదు.
నేనూ అడగలేదు.

సాయంత్రం బస్సు, కాశీనగరం వైపు.
ఈ దారి పొడుగునా
నేను లఘువని వదిలేసిన వాటి పక్కకి
ఈపాటికి ఏ అక్షరం వచ్చి నిలబడిందో.
ఇనప వేలి రెండో కణుపులో
కందిరీగ మట్టి ఇరుక్కుంది.
గోటితో గీరాను. పోలేదు.